మిగిలిన 22 గంటలు: పక్షవాతం తరువాత పునరావాస కేంద్రాన్ని ఎలా తూచాలి

మీ నాన్నగారికి 71 ఏళ్లు. మెదడు ఎడమ భాగంలో స్ట్రోక్ రావడంతో కుడి చేయి, కుడి కాలు పడిపోయాయి, మాట పోయింది, ప్రస్తుతం ముక్కు గొట్టంతోనే ఆహారం వెళ్తోంది. హైదరాబాదులోని ఆసుపత్రివారు మరో వారంలో డిశ్చార్జి చేస్తామంటున్నారు. హనుమకొండ ఇంట్లో అమ్మగారు ఒక్కరే ఉంటారు, మీరు డల్లాస్‌లో ఉన్నారు, నగరంలో ఉన్న మీ బావగారు మూడు పునరావాస కేంద్రాల బ్రోచర్లు పంపారు. ఆ మూడింటిలో సంరక్షణ ఎక్కడ బాగుంటుందో ఎలా తేల్చుకోవాలన్నది మీ ప్రశ్న. వాటి పేర్లు మీరు రాయలేదు, రాయకపోవడమే మంచిదైంది. పేరును బట్టి ఇచ్చే సలహా ఆరు నెలల్లో పాతబడుతుంది. ఇన్‌ఛార్జి సిస్టరు ఒక్కరు మానేస్తే చాలు, అదే భవనంలో అదే బోర్డు కింద వేరే కేంద్రం నడుస్తున్నట్టు ఉంటుంది. నేను న్యూరాలజీ వార్డులో 14 ఏళ్లు, ఆ తరువాత ఒక పునరావాస కేంద్రంలో నర్సింగ్ ఇన్‌ఛార్జిగా 9 ఏళ్లు పనిచేశాను కాబట్టి, లోపలి మనిషిగా నేను ఎక్కడెక్కడ చూస్తానో చెబుతాను.

మీరు ఉండేచోట ఈ పని కొంత తేలిక. 'కేర్ కంపేర్' అనే ప్రభుత్వ వెబ్‌సైటులో నర్సింగ్ హోమ్ పేరు కొడితే ఒకటి నుంచి ఐదు వరకు నక్షత్రాలు కనిపిస్తాయి. 2008 నుంచి ఈ పద్ధతి నడుస్తోంది. (మన దగ్గర నర్సింగ్ హోమ్ అంటే కాన్పులూ ఆపరేషన్లూ చేసే చిన్న ప్రైవేటు ఆసుపత్రి కాబట్టి, బావగారితో మాట్లాడేటప్పుడు ఆ మాట వాడితే ఇద్దరూ చెరొకటి అనుకునే ప్రమాదం ఉంది.) ఆ నక్షత్రాల వెనక మూడు లెక్కలు ఉంటాయి: ముందుగా చెప్పకుండా వచ్చే తనిఖీలలో బయటపడిన లోపాలు, జీతాల పట్టీ ఆధారంగా తీసిన సిబ్బంది గంటలు, రోగుల పరిస్థితిని చూపే నాణ్యత కొలమానాలు. మూడోదానిలో చాలా భాగం కేంద్రాలు తామే నింపి పంపే వివరాలు గనుక, అక్కడ అనుభవం ఉన్నవారు మొదటి రెండింటికే ఎక్కువ విలువ ఇస్తారు. మన రాష్ట్రాలలో పునరావాస కేంద్రాలకు అటువంటి బహిరంగ పట్టిక లేదు. గూగుల్‌లో ఉన్న 4.8 రేటింగు ఎక్కువగా డిశ్చార్జి రోజున, చేతిలో పూలగుత్తితో ఫొటో దిగిన తరువాత రాసినది. కాబట్టి ఆ మూడు లెక్కలనూ మనమే, మన కళ్లతో తీయాలి.

బ్రోచర్లలో మీకు మొదట కనిపించేది ఫిజియోథెరపీ హాలు: గాలిలో వేలాడదీసి నడిపించే యంత్రం, రోబో చేయి, ట్రెడ్‌మిల్లు. అవి పనికిరానివని నేను అనను. అయితే బావగారి చేత ఒక ప్రశ్న అడిగించండి: మా మామగారికి రోజుకు ఎన్ని గంటల థెరపీ ఇస్తారు? అమెరికాలో ఆసుపత్రి స్థాయి పునరావాస విభాగంలో చేర్చుకోవాలంటే రోగి రోజుకు 3 గంటలు, వారానికి 5 రోజులు థెరపీ తట్టుకోగలగాలన్నది వాడుకలో ఉన్న కొలత. ఇక్కడ ఉదయం ఒక విడత, సాయంత్రం ఒక విడత, కొన్నిచోట్ల మాటకు మరో అరగంట. మొత్తం కలిపితే రెండు గంటల దగ్గర ఆగుతుంది. ఆ రెండు గంటలు ఎంత బాగా జరిగినా, మిగిలిన 22 గంటలలో ఆయనను ఎలా పడుకోబెట్టారు, ఎలా లేపారు, ఏం తినిపించారు, ఎంతసేపు కూర్చోబెట్టారు అన్నదాన్ని బట్టే ఆ థెరపీ నిలుస్తుంది లేదా కారిపోతుంది. ఆ 22 గంటలూ నర్సులవి, ఆయాలవి. నాణ్యత చూడవలసింది అక్కడ.

అందుచేత బావగారు వెళ్లినప్పుడు మేనేజరు చూపించే డీలక్స్ గది దగ్గర ఆగకుండా, ఇప్పటికే అక్కడ ఉన్న రోగుల దగ్గర, వారి బంధువుల అనుమతితో, ఐదు నిమిషాలు నిలబడాలి. కదలలేని మనిషిని రెండు గంటలకు ఒకసారి పక్కకు తిప్పాలన్నది మా వృత్తిలో మొదటి పాఠం. ఎయిర్ బెడ్ వేశాం కదా అని తిప్పడం మానేసే చోట నడుము కింద, పిర్రల మధ్య ఎముక మీద, మడమల మీద చర్మం ముందుగా ఎర్రబారుతుంది. ఆ ఎరుపును వేలితో నొక్కి వదిలితే తెల్లబడి మళ్లీ ఎర్రబడాలి. తెల్లబడకపోతే అది పడక పుండు మొదలైందనడానికి గుర్తు. మనవారి చామనఛాయ ఒంటి మీద ఎరుపు సరిగా తెలియదు గనుక చేతి వెనకవైపుతో తాకి చూడాలి. చుట్టుపక్కల కంటే అక్కడ వేడిగానో గట్టిగానో ఉంటుంది. ఇదంతా కొత్తవారి ఒంటి మీద బావగారు చేయగల పని కాదు, చేయకూడదు కూడా. కాళ్ల కింద దిండు పెట్టి మడమలు పరుపుకు తగలకుండా తేల్చి ఉంచారా, గోళ్లు తీశారా, గడ్డం గీశారా, నాలుక తెల్లగా పూత కట్టి ఉందా అన్నవి మాత్రం మంచం పక్కన నిలబడితేనే కనిపిస్తాయి. నోరు శుభ్రం చేయడం అలంకారం కోసం కాదు. మింగడం సరిగా రానివారిలో నోటిలోని మురికి ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా తెస్తుంది, పక్షవాతం వచ్చినవారిని తిరిగి ఐసీయూకు పంపేవాటిలో ఇది ముఖ్యమైనది.

ఈ విషయంలో నా తప్పు ఒకటి చెప్పాలి. నేను ఇన్‌ఛార్జిగా ఉన్న కేంద్రంలో ఒక రిటైర్డు పంతులుగారికి పాదం వేలాడకుండా స్ప్లింట్ వేశాము. లోపల మేజోడు, పైన స్ప్లింట్, దాని మీద పట్టీలు. ప్రతి షిఫ్టులోనూ స్ప్లింట్ తీసి, మేజోడు తీసి, మడమ చూసి, మళ్లీ వేయాలి. ఫిజియో తీస్తారని నర్సులు, నర్సులు తీస్తారని ఫిజియో అనుకున్నారు. ఆదివారం చూడటానికి వచ్చిన ఆయన కూతురు కాళ్లకు నూనె రాద్దామని మేజోడు లాగితే అది మడమకు అతుక్కుని ఉంది. రూపాయి బిళ్లంత నల్లటి మచ్చ, దాని అంచున తడి. ఆ పుండు మానడానికి మూడు నెలలు పట్టింది, ఆ మూడు నెలలూ ఆయనను నడిపించలేకపోయాము. నేను వెంటనే చేసిన పని కేస్ షీటు తెరవడం. ఆరు రోజులపాటు మూడు షిఫ్టుల్లోనూ 'చర్మం బాగుంది' అని చక్కటి దస్తూరీతో రాసి ఉంది, అడుగున నా సంతకమూ ఉంది. అప్పటి నుంచి నేను ఎవరి ఛార్టునూ ఒంటిని చూడకుండా నమ్మలేదు.

అలాగని ఛార్టు అడగవద్దని కాదు. తప్పకుండా అడగండి, అది చూపించడానికి ఎంత తడబడతారో కూడా గమనించండి. పక్కకు తిప్పిన వేళలు రాసే కాగితం మంచం కాళ్ల దగ్గర వేలాడుతూ ఉంటుంది. ఒకచోట ఉదయం 11 గంటలకు నేను చూసేసరికి సాయంత్రం 6 గంటల గడి వరకు టిక్కులు పడి ఉన్నాయి, అన్నీ ఒకే పెన్నుతో.

సిబ్బంది లెక్క అడిగే తీరు కూడా ముఖ్యం. 'మీ దగ్గర స్టాఫ్ ఎంతమంది?' అని అడిగితే అకౌంటెంటుతో సహా కలిపి ఒక పెద్ద అంకె చెబుతారు. 'రాత్రి 2 గంటలకు ఈ అంతస్తులో రోగులు ఎంతమంది, నర్సులు ఎంతమంది, ఆయాలు ఎంతమంది?' అని అడగమనండి. ఇదే ప్రశ్న మేనేజరును ఒకసారి, రాత్రి డ్యూటీలో ఉన్న ఆయాను ఒకసారి విడివిడిగా అడిగితే, రెండు జవాబుల మధ్య ఉన్న తేడాయే మీకు కావలసిన సమాచారం. 'నర్సు' అన్న మాటను కూడా విప్పి చూడాలి. రెండేళ్ల ఏఎన్‌ఎం చదివినవారూ, మూడేళ్ల జీఎన్‌ఎం చదివినవారూ, నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్ చేసినవారూ, ఏమీ చదవకుండా తెల్లకోటు తొడిగిన అమ్మాయీ అందరూ రోగి నోట 'సిస్టరే'. ఒక్కొక్క షిఫ్టులో నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉన్నవారు కనీసం ఒకరైనా అంతస్తులో ఉండాలని నేను పట్టుబడతాను. ఆయాలు, వార్డు బాయ్‌లు ఏజెన్సీ ద్వారా 12 గంటల షిఫ్టు మీద వచ్చే పద్ధతి నగరంలో చాలాచోట్ల ఉంది. అందులో తప్పు లేదు కానీ, అదే మనిషి అదే రోగి దగ్గరకు వరుసగా ఎన్ని రోజులు వస్తున్నారో అడగండి. రోజుకో మనిషి మారితే, నాన్నగారు కుడివైపు తల తిప్పితే నీళ్లు అడుగుతున్నట్టు అని ఎవరికీ ఎప్పటికీ తెలియదు.

వెళ్లే వేళ విషయానికి వస్తే, ఒకసారి ఉదయం 11కి, ఒకసారి చెప్పకుండా రాత్రి 8 దాటాక షిఫ్టు మారిన తరువాత వెళ్లమనండి. ఉదయం వెళ్లినప్పుడు రోగులు ఎంతమంది కుర్చీలలో కూర్చున్నారు, ఎంతమంది మంచం మీద నిద్రమత్తులో ఉన్నారు అని లెక్కపెట్టాలి. పగలు 11 గంటలకు అంతస్తంతా నిశ్శబ్దంగా, అందరూ మత్తుగా ఉంటే అది ప్రశాంతత కాదు, రాత్రి ఇచ్చిన నిద్రమాత్ర ఇంకా దిగలేదని అనుమానించాలి. ముక్కు గొట్టం పీక్కోకుండా చేతులను గాజుగుడ్డతో మంచానికి కట్టడం కూడా మన దగ్గర మామూలైపోయింది. కట్టరా అని అడిగితే అందరూ 'లేదండీ' అంటారు. 'రోగి గొట్టం లాగేస్తుంటే మీరు ఏం చేస్తారు?' అని అడగండి. చేతికి మెత్తని తొడుగు వేస్తాము, ఎవరో ఒకరు పక్కన కూర్చుంటారు, అసలు గొట్టం ఇంకా అవసరమా అని డాక్టరుగారిని అడుగుతాము, కట్టక తప్పనినాడు ఇంటివాళ్లకు చెప్పి, రాసి, గంట గంటకూ చూస్తాము అన్న జవాబు వస్తే వారు ఆ పని నిజంగా చేసినవారే. వాసన గురించి అందరూ చెబుతారు, నేను దానికి అంత విలువ ఇవ్వను. ఒక గదిలో ఒక పూట మలం వాసన రావడం సహజం, ఇప్పుడే డైపర్ మారుస్తున్నారని అర్థం. గుమ్మంలో అడుగుపెట్టగానే ఫినాయిలూ రూమ్ ఫ్రెష్‌నరూ కలిసి కళ్లు మండించే చోట మాత్రం నాకు అనుమానం వస్తుంది.

రోగిని మంచం మీద నుంచి చక్రాల కుర్చీలోకి మార్చడం ఒక్కసారి కళ్లారా చూస్తే, గంటసేపు మాట్లాడినా తెలియని సంగతి తెలుస్తుంది. కుర్చీని రోగికి బలం ఉన్న వైపు పెట్టాలి, మీ నాన్నగారి విషయంలో ఎడమవైపు. రెండు బ్రేకులూ వేయాలి, కాళ్లు పెట్టే పలకలు పక్కకు తీయాలి, పాదాలు నేలకు ఆనాలి, నడుముకు బెల్టు కట్టి దానిని పట్టుకోవాలి, లేపేముందు 'లేస్తున్నాం' అని ఆయనకు చెప్పాలి. పడిపోయిన చేతిని పట్టుకునో చంకలో చేయి వేసో పైకి లాగితే ఆ కేంద్రాన్ని అక్కడికక్కడే వదిలేయండి. పక్షవాతం వచ్చిన భుజం కీలు చుట్టూ కండరాల పట్టు ఉండదు, ఒక్క లాగుడుకే జారుతుంది, ఆ నొప్పి నెలల తరబడి ఉండి మొత్తం చేయి థెరపీని పాడుచేస్తుంది.

తిండి దగ్గర కూడా కాసేపు ఆగాలి. గొట్టం ద్వారా పోసేటప్పుడు తలవైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉండాలి, పోసిన తరువాత కనీసం అరగంట అలాగే ఉంచాలి, ప్రతిసారీ పోసేముందు గొట్టం స్థానంలోనే ఉందో లేదో చూడాలి. నోటితో మొదలుపెట్టే రోజున ముందుగా మింగుడు పరీక్ష ఎవరు చేస్తారని అడగండి. 'మెల్లగా నీళ్లు పట్టి చూస్తాం' అంటే సరిపోదు. మనవారికి తెలియని విషయం ఏమిటంటే, మింగడం కష్టమైనవారికి పలచని నీళ్లు, మజ్జిగ గట్టి పదార్థాలకంటే ప్రమాదం; ఇంటి నుంచి ప్రేమగా తెచ్చే చారన్నం ఇంకా ప్రమాదం, మెతుకు నోటిలో ఉండగానే చారు గొంతులోకి జారిపోతుంది. మెత్తగా, ఒకే చిక్కదనంతో కలిపిన పెరుగన్నం అటువంటప్పుడు నయం. బంధువు క్యారియర్ తీసుకుని వస్తే ఆపి, మూత తీసి చూసి, 'ఇది వద్దమ్మా' అని చెప్పే నర్సు ఉన్న చోటు మంచి చోటు.

మీ నాన్నగారి విషయంలో మరొక ముఖ్యమైన ప్రశ్న ఉంది, అది మీ బావగారికి తట్టకపోవచ్చు: స్పీచ్ థెరపిస్టు తెలుగులో పనిచేస్తారా? మాట పోయిన మనిషికి మాట తిరిగి తెప్పించేది ఆయన పుట్టి పెరిగిన భాషలోనే. హైదరాబాదులో థెరపిస్టులు, నర్సులు వేరే రాష్ట్రాల నుంచి కూడా వస్తారు, చాలామంది ఎంతో బాగా పనిచేస్తారు. నాతో పనిచేసిన ఉత్తమ నర్సులలో ఇద్దరు మలయాళీలు. కానీ హనుమకొండ మనిషికి హిందీలో 'పానీ బోలో' అని నేర్పితే ఆయన ఊరుకుంటారు, ఛార్టులో 'సహకరించడం లేదు' అని ఎక్కుతుంది. బొమ్మల కార్డుల మీద తెలుగు ఉందా, రోజంతా దగ్గరుండే ఆయాకైనా తెలుగు వచ్చా అని చూడండి. మరొక మాట: ఇటువంటివారిలో కొందరు మంచినీళ్లు అన్న మాట కూడబలుక్కోలేకపోయినా ఒకటి నుంచి పది వరకు అంకెలు, వారాల పేర్లు, చిన్నప్పుడు నేర్చిన శ్లోకం గడగడా చెప్పగలరు. అది విని అమ్మగారు మాట వచ్చేసిందని సంబరపడితే, ఆ తేడాను ఓపికగా వివరించేవారు అక్కడ ఉండాలి.

పురోగతిని ఎలా కొలుస్తారని అడిగితే 'చాలా ఇంప్రూవ్ అయ్యారండీ' అన్న జవాబు జవాబు కాదు. 1965 నుంచి వాడుకలో ఉన్న బార్తెల్ సూచిక అనే సులువైన కొలత ఉంది: తినడం, స్నానం, ముస్తాబు, బట్టలు, మలం, మూత్రం, టాయిలెట్, మంచం నుంచి కుర్చీకి మారడం, నడక, మెట్లు అనే పది పనులకు కలిపి 100 మార్కులు. చేరిన రోజున ఎంత, వారానికి ఎంత అన్నది మీకు వాట్సాప్‌లో పంపమని అడగండి. బరువు, చర్మం స్థితి, రోజుకు కుర్చీలో కూర్చున్న గంటలు కూడా వాటితోపాటు రావాలి. స్ట్రోక్ తరువాత మొదటి మూడు నెలలలో కోలుకునే వేగం ఎక్కువ కాబట్టి, రెండు మూడు వారాలపాటు అంకె కదలకపోతే కారణం అడిగే హక్కు మీకుంది. కొన్ని కేంద్రాలు ఆకర్షణగా చూపే 24 గంటల సీసీటీవీ లింకుపై మాత్రం నాకు సదభిప్రాయం లేదు. స్పంజి బాత్ చేయించుకుంటున్న పెద్దమనిషిని ఫోనులో ఎంతమంది చూస్తున్నారో ఎవరికీ తెలియదు, మడమ పుండు కెమెరాలో కనపడదు.

కాగితాల విషయం త్వరగా ముగిస్తాను. జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారి దగ్గర నమోదైన పత్రం చూడండి. గోడ మీద ఎన్‌ఏబీహెచ్ (ఆసుపత్రుల నాణ్యతను పరిశీలించి గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు పత్రం ఉంటే అది ఈ భవనం చిరునామాతో ఉందా, లేక వారి ప్రధాన ఆసుపత్రిదా అని చదవండి. రాత్రి డ్యూటీ డాక్టరు లోపలే ఉంటారా లేక ఫోను చేస్తే వస్తారా, పరిస్థితి విషమిస్తే ఏ ఆసుపత్రికి ఎవరి అంబులెన్సులో తీసుకువెళ్తారు అన్నది రాతపూర్వకంగా తీసుకోండి. రోజువారీ ప్యాకేజీలో డైపర్లు, మందులు, ఎయిర్ బెడ్, ప్రత్యేక ఆయా ఉన్నాయా లేదా అని ఒక్కొక్కటిగా అడగండి. ఆరోగ్య బీమా మీద ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు: విశ్రాంతి, పునరావాస సంరక్షణ ఖర్చులు 'ఎక్స్‌క్లూజన్ 05' అనే కోడ్ కింద మినహాయింపుల పట్టికలో ఉంటాయి. డిశ్చార్జి తరువాతి ఖర్చుల క్లాజు కింద మందులు, పరీక్షలు కొన్ని రావచ్చు, పాలసీ చదివి చూడండి.

చివరిగా, ఆ కేంద్రంవారు మిమ్మల్ని ఏమి అడిగారో గుర్తుచేసుకోండి. అడ్వాన్సు ఎప్పుడు కడతారని తప్ప మరేమీ అడగనివారు ఒక రకం. ఇంట్లో మెట్లు ఎన్ని, మరుగుదొడ్డి ఏ రకం, గడప ఎత్తు ఎంత, అమ్మగారి మోకాళ్లు ఎలా ఉన్నాయి అని మొదటిరోజే అడిగేవారు మరో రకం, ఆయనను తిరిగి ఇంటికి పంపే ఆలోచన వారికి ఉందన్నమాట. చివరి వారం అమ్మగారిని అక్కడే ఉంచి, తిప్పడం, లేపడం, తినిపించడం ఆమె చేతుల మీదుగా చేయించాలని ముందే మాట తీసుకోండి. మీరు రాసినవాటిలో రెండో కేంద్రం మూడు నెలల డబ్బు ఒకేసారి కడితే తగ్గింపు ఇస్తామంటోంది. కట్టకండి, వారం వారం కట్టే ఏర్పాటుకు ఒప్పుకోకపోతే మిగిలిన రెండింటినే చూడండి. బావగారు రాత్రిపూట వెళ్లివచ్చాక నర్సుల లెక్క, ఆయాల లెక్క, ఆయన కళ్లారా చూసిన ఒక్క కుర్చీ మార్పిడి వివరం రాయండి. ఆ మూడూ ఉంటే ఇంతకంటే గట్టిగా చెప్పగలను.